వార్తల్లో పదం: మేధో వలస

చదువు, పనితనం ఉన్నవారు మెరుగైన జీతం, పరిశోధన వసతుల కోసం సొంత దేశం వదిలి వెళ్లడమే మేధో వలస. బ్రిటన్ శాస్త్రవేత్తలు అమెరికాకు తరలిపోతున్న 1960లలో ఈ మాట వాడుకలోకి వచ్చింది.

తెలుగువారికి ఈ వలసలో ప్రధాన దారి అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీ. దీని సాధారణ వార్షిక కోటా 65,000. అమెరికాలో పీజీ చేసినవారికి మరో 20,000. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు రావడంతో ఏళ్ల తరబడి లాటరీ తీసి ఎంపిక చేశారు. ప్రతిభ ఒక్కటే చాలదన్నమాట. హైదరాబాద్ శివారు చిలుకూరులోని దేవుడికి ‘వీసా బాలాజీ’ అన్న పేరు ఊరికే రాలేదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. పైగా 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును అమెరికా ప్రకటించింది.

వీసా దొరికినా అసలు చిక్కు శాశ్వత నివాసానికి కావాల్సిన గ్రీన్‌కార్డు దగ్గరే. ఉద్యోగాల కోటా ఏటా సుమారు 1,40,000. అందులో ఏ దేశానికైనా సాధారణ పరిమితి 7 శాతం. చిన్న దేశానికీ, భారత్‌కూ ఒకే కొలత కావడంతో మనవారి వరస దశాబ్దాలకు సాగింది. ఈలోగా ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గడువు 60 రోజులు. తల్లిదండ్రుల వీసాపై ఉన్న పిల్లలు 21 ఏళ్లు నిండగానే ఆ హోదా కోల్పోతారు. పెరిగిన ఊళ్లోనే విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసుకోవాల్సి వస్తుంది.

వైద్యుల ఇబ్బంది వేరు. ఇక్కడ ఎంత అనుభవం గడించినా, అక్కడ లైసెన్సు పరీక్షలు రాసి, చాలా రాష్ట్రాల్లో రెసిడెన్సీ మళ్లీ మొదటి నుంచి చేయాలి.