పంటికి ఏ సిమెంటు పెట్టారో అడిగారా?

క్యాంపులో రాత్రి 2 గంటలకు ఏ గదిలోనైనా లైటు వెలుగుతుంటే, లోపలివాడు ఇంటికి ఫోను చేస్తున్నాడనే అనుకుంటాం. అక్కడ పగలు కదా! కిందటి చలికాలం మా వరసలో అలా వెలిగిన గదిలో మాత్రం మా మిత్రుడొకడు చెంప పట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. బయట మైనస్ 30. ఫస్ట్ ఎయిడ్ గదిలో నొప్పి మాత్ర ఇచ్చి పంపారు. పళ్ళ డాక్టరు కావాలంటే బస్సెక్కి ఫోర్ట్ మెక్‌ముర్రే వెళ్ళాలి, అదీ తెల్లవారాక.

"మూడు నెలల కిందటే సిమెంటు పెట్టించాను కదండీ, మళ్ళీ ఎందుకు సలుపుతోంది?" అని అతని బాధ. కాగితాలు తీసి చూస్తే తెలిసింది, అది తాత్కాలికంగా పెట్టిన సిమెంటు. రెండు వారాల్లో మళ్ళీ రమ్మన్నారు. ఆ తేదీకి మనవాడు డ్యూటీలో ఉన్నాడు. నొప్పి తగ్గింది గనక సంగతే మరిచిపోయాడు. ఇలాంటివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అందుకే ఈ వారం పంటి సిమెంట్ల గురించి రాస్తున్నాం.

మన ఊళ్ళో పన్ను పుచ్చితే "సిమెంటు పెట్టించుకో" అంటాం, ఇక్కడ ఫిల్లింగ్ అంటారు. పేరు ఒకటే గానీ లోపల పెట్టే సరుకు వేరు వేరు. మా మిత్రుడికి పెట్టింది జింక్ ఆక్సైడ్ పొడిని యూజెనాల్‌తో కలిపిన ముద్ద. యూజెనాల్ అంటే మరేమీ కాదు, లవంగ నూనెలో ఉండే సారం. మన నాయనమ్మలు పిప్పి పంటిలో లవంగం పెట్టుకోమన్నది ఇందుకే. అది నరాన్ని శాంతపరుస్తుంది. కానీ ఆ ముద్ద నమిలే ఒత్తిడికి నిలవదు. కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. అంచు విడిచిందంటే సందులోంచి ఉమ్మి, తీపి, క్రిములు లోపలికి దిగుతాయి. పైకి మూత ఉన్నట్టే కనబడుతుంది, కింద పుచ్చు నరం దాకా పోతుంది. ఇంకో సంగతి. యూజెనాల్ తగిలిన చోట తెల్ల సిమెంటు సరిగ్గా గట్టిపడదు. కాబట్టి డాక్టరు మారితే పాత కాగితం తప్పకుండా చూపించండి.

నొప్పికి లవంగ నూనె దూదితో ఒక చుక్క అద్దుకుంటే చాలు, ఒంపుకుంటే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ మాత్రను పంటి పక్కన నొక్కి పెట్టుకునే అలవాటు కూడా మానండి. అది మింగాల్సిన మందు. చిగురు మీద పెడితే పుండు పడుతుంది.

ఇక మన పాతతరం వాళ్ళ నోళ్ళలో నల్లగా కనిపించేది వెండి సిమెంటు, అంటే అమాల్గం. పేరుకు వెండి గానీ బరువులో సగం దాకా పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. దీని మీద గొడవ కొత్తది కాదు. 1840లలోనే అమెరికా దంతవైద్యుల సంఘం ఒకటి అమాల్గం వాడబోమని సభ్యుల చేత ఒట్టు వేయించింది. ఆ పట్టుదలతో సభ్యులు జారిపోయి 1856లో సంఘమే మూతపడింది. తరవాత 1890లలో షికాగోలో జి.వి. బ్లాక్ అనే డాక్టరు దీని పాళ్ళు కుదిర్చాక వందేళ్ళు ఇదే రాజ్యమేలింది. చవక, గట్టిది, కాస్త తడి తగిలినా ఓర్చుకుంటుంది, దవడపన్ను మీద పది పదిహేనేళ్ళు నిలుస్తుంది. లోపమేమిటంటే పంటికి తనంతట తాను అతుక్కోదు. జారిపోకుండా పట్టు దొరకడానికి మంచి పన్ను కూడా కొంత చెక్కాలి.

పాదరసం అంటే కెనడాకు భయం ఉంది, కారణమూ ఉంది. ఆంటారియోలో డ్రైడెన్ దగ్గరి మిల్లు నుంచి 1962-70 మధ్య పాదరసం నదిలో కలిసింది. చేపలే ఆహారంగా బతికే గ్రాసీ నారోస్ ఆదివాసులు తరతరాలుగా దాని ఫలితం అనుభవిస్తున్నారు. అది పంటి సిమెంటు వల్ల వచ్చింది కాదు, రెంటికీ ముడిపెట్టకూడదు. అయితే పాదరసాన్ని అరికట్టే మినమాటా ఒప్పందం మీద కెనడా 2017లో ఆమోదముద్ర వేసింది. 2025 నవంబరులో జెనీవాలో ఆ ఒప్పంద దేశాలు 2034కల్లా పళ్ళకు అమాల్గం వాడకం ఆపేయాలని నిర్ణయించాయి. కెనడా ఆరోగ్యశాఖ 1996లోనే పాలపళ్ళకూ, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకూ వేరే సరుకు చూడమనీ, గర్భిణులకు అమాల్గం పెట్టడం గానీ తీయడం గానీ వద్దనీ చెప్పింది.

ఇది చదివి నోట్లో ఉన్న పాత వెండి సిమెంటును పీకించడానికి పరిగెత్తకండి. బాగున్నదాన్ని తొలిచేటప్పుడే పాదరసపు ఆవిరి ఎక్కువ లేస్తుంది, పైగా మంచి పన్ను కొంత పోతుంది. పగిలితేనో, అంచు విడిస్తేనో మార్పించుకోవాలి.

ఇప్పుడు ఇక్కడ క్లినిక్కుల్లో ఎక్కువగా పెట్టేది పంటి రంగు సిమెంటు, కాంపోజిట్. గాజు పొడి కలిపిన రెజిన్ అది. మనలో పెయింటు పని చేసేవాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. ఇనుముకు పెయింటు పట్టాలంటే ముందు ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఉపరితలం శుభ్రం చేస్తారు కదా? మైకేల్ బ్యూనకోర్ అనే అమెరికా దంతవైద్యుడికి ఆ పద్ధతి చూసే ఆలోచన వచ్చింది. పంటి పింగాణీ పొర మీద అదే యాసిడ్ రాస్తే కంటికి కనబడని గరుకు ఏర్పడుతుందనీ, రెజిన్ దాన్ని పట్టుకుంటుందనీ 1955లో చూపించాడు. రాఫెల్ బోవెన్ అనే శాస్త్రవేత్త రెజిన్ తయారుచేసి 1962లో పేటెంటు పొందాడు. ఇప్పటికీ క్రమం అదే. యాసిడ్, కడగడం, ప్రైమర్, తరవాత 2 మిల్లీమీటర్ల మందాన పొర మీద పొర, పొరపొరకూ నీలి లైటు. గట్టిపడేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది, అందుకే ఒక్కసారిగా నింపరు. తడి ఇనుము మీద పెయింటు ఏ గతి పడుతుందో తడి పంటి మీద కాంపోజిట్‌దీ అదే గతి. డాక్టరు నోట్లో రబ్బరు గుడ్డ బిగిస్తే విసుక్కోకండి.

నల్గొండ, దర్శి, పొదిలి వైపు నుంచి వచ్చిన మిత్రులకు ఒక మాట. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్ళ వల్ల పళ్ళ మీద పడ్డ గోధుమరంగు చారలు పుచ్చు కాదు. ఆ సంగతి ఇక్కడి డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటి పంటికి సిమెంటు పట్టు తక్కువ. యాసిడ్ ఇంకాసేపు ఉంచాల్సి రావచ్చు.

గ్లాస్ అయోనమర్ అని మరొకటుంది. 1970ల మొదట్లో లండన్‌లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు బయటపెట్టారు. పంటికి తనే అతుక్కుంటుంది, నెమ్మదిగా ఫ్లోరైడు వదులుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది కూడా. నమిలే చోట అరిగిపోతుంది గనక చిగురు దగ్గరి పుచ్చుకూ, పిల్లల పళ్ళకూ వాడతారు. రాత్రి షిఫ్టులో మెలకువ కోసం గంట గంటకూ పంచదార వేసిన కాఫీ, కోలా చప్పరించేవాళ్ళకు పుచ్చు వచ్చేది ముఖ్యంగా ఆ చిగురు అంచునే, పళ్ళ సందుల్లోనే.

పుచ్చు నరం దాకా పోతే రూట్ కెనాల్. అప్పుడు వేళ్ళలో నింపేది గట్టా పర్చా, మలయా అడవుల్లోని ఒక చెట్టు పాలు. ఒకప్పుడు సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు తొడుగు ఇదే!

విమానంలో రాకపోకలు చేసేవాళ్ళు గమనించాలి. సరిగ్గా కూర్చోని సిమెంటు కింద గాలి చిక్కుకుని ఉంటే పైకి వెళ్ళాక పన్ను జివ్వున లాగుతుంది. దిగాక తగ్గినా వదిలేయకండి, డాక్టరుకు చెప్పండి.

డబ్బు సంగతి. ఆసుపత్రి ఉచితమే గానీ పళ్ళు అందులోకి రావు. పళ్ళ పనికి ఒక్కోదానికి 5 అంకెల కోడ్ ఉంటుంది, సిమెంటు ధర పంటికి ఎన్ని ముఖాలు నింపారన్న దాన్ని బట్టి. కుర్చీలో కూర్చోకముందే కోడ్‌లతో సహా అంచనా కాగితం అడిగి, ఇన్సూరెన్సుకు పంపించండి. కొన్ని కంపెనీలు దవడపంటికి కాంపోజిట్ పెట్టినా అమాల్గం ధరే ఇస్తాయి, తేడా మన జేబులోంచే. ఇన్సూరెన్సు లేనివాళ్ళకు కెనడా ప్రభుత్వ దంత పథకం ఉంది. 2025 నుంచి 18-64 ఏళ్ళ వాళ్ళకూ తెరిచారు. పన్ను లెక్కల్లో ఇక్కడి నివాసిగా ఉండాలి, పన్ను రిటర్ను వేసి ఉండాలి, కుటుంబ ఆదాయం 90,000 డాలర్ల లోపు ఉండాలి. యజమాని దంత ఇన్సూరెన్సు ఇస్తానన్నా మీరే వద్దనుకుంటే మాత్రం ఇది రాదు. పనిలో దెబ్బ తగిలి పన్ను విరిగితే అది వేరే లెక్క. వెంటనే ఫోర్‌మన్‌కు చెప్పి రాయించండి, కార్మిక పరిహార బోర్డుకు దరఖాస్తు పెట్టండి.

"ఊరెళ్ళినప్పుడు చేయించుకుందాం లే" అన్నమాట మేమూ అన్నవాళ్ళమే. నొప్పి లేని పంటికి అది సరే. చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా మాత్రం టిక్కెట్టు దాకా ఆగకండి, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మా మిత్రుడి పన్ను దక్కింది. రూట్ కెనాల్ అయింది, గట్టా పర్చా నింపారు, పైన మళ్ళీ తాత్కాలిక సిమెంటే. క్యాపు పెట్టే రోజు ఈసారి సెలవు వారంలో మూడో రోజుకు తీసుకున్నాడు. బస్సులో రెండో సీటు మేం పట్టాం.