తుంగభద్ర జలాశయం: పూడిక ఆక్రమించిన చోటు

గంగా స్నానం, తుంగా పానం అని నానుడి. ఆ తుంగ, దానికి తోడైన భద్ర కర్ణాటకలోని పడమటి కనుమల్లో గంగామూల దగ్గర పుట్టి, వేర్వేరు దారుల్లో ప్రవహించి, శివమొగ్గ జిల్లా కూడలి వద్ద కలుస్తాయి. అక్కడి నుంచి తుంగభద్రగా 531 కిలోమీటర్లు సాగి సంగమేశ్వరం వద్ద కృష్ణలో చేరుతుంది.

కనుమల్లోని ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఈ నది నీటికి ఎదురుచూసే అనంతపురంలో 550 మాత్రమే. పైగా నదికి నీరొచ్చేది ఎక్కువగా వానాకాలపు కొద్ది నెలల్లోనే. ఆ నీటిని నిలపడానికే హోసపేట దగ్గర ఆనకట్ట కట్టారు. 1945లో మొదలై 1953లో నీరు నిలిచింది. సిమెంటుకు బదులు సుర్కీ గచ్చుతో కట్టిన రాతి కట్టడమిది. ఎడమ కాలువ రాయచూరు, కొప్పళ పొలాలకు, కుడివైపు ఎగువ, దిగువ కాలువలు బళ్లారితో పాటు అనంతపురం, కర్నూలు ప్రాంతాలకు నీరిస్తాయి.

మొదట్లో జలాశయంలో దాదాపు 133 టీఎంసీలు పట్టేవి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వాడకానికి అంచనా వేసింది మాత్రం 230 టీఎంసీలు! ఇందులో తిరకాసు లేదు. ఒకవైపు కాలువలకు వదులుతుంటే మరోవైపు వరద వచ్చి నింపుతుంది. కానీ వరద తగ్గాక రబీని, వేసవిని గట్టెక్కించేది అప్పటికి నిల్వ ఉన్న నీరే. ఇప్పుడు ఆ నిల్వ సామర్థ్యం సుమారు 106 టీఎంసీలకు పడిపోయింది.

కారణం పూడిక. ప్రవాహం జలాశయంలోకి రాగానే వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ముందే, ఎగువ అంచులోనే దిగిపోతుంది. సన్నని ఒండ్రు ఆనకట్ట దాకా వస్తుంది. పై అంచున ఉన్న 33 గేట్లు ఎత్తినా అడుగు మట్టి కదలదు.

తవ్వి తీయలేమా? పోయిన 27 టీఎంసీల చోటు సుమారు 76 కోట్ల ఘనపు మీటర్లు. లారీకి పది ఘనపు మీటర్ల చొప్పున, రోజుకు పదివేల లారీలు నడిపినా ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. ఈలోగా కొత్త మట్టి వచ్చి చేరుతుంది. ఆ మట్టి పోయడానికి చోటెక్కడ? పరీవాహకంలో నేల కోతను ఆపడం చవక, కానీ దాని ఫలితం నెమ్మదిగా కనిపిస్తుంది.

2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు జలాశయం నిండుగా ఉంది. మట్టం తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తాల్సి వచ్చింది. వారం రోజుల్లో తాత్కాలిక పలకలు దించి ప్రవాహాన్ని ఆపారు. నవలి దగ్గర మరో జలాశయం కట్టి వరద నీటిని నిలపాలని కర్ణాటక ప్రతిపాదించింది. నీటిలో వాటా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా దానికి ఒప్పుకోవాలి.