పట్టేసిన టర్బోను విడదీయుట ఎట్లు?

మోటారు కార్ల మరమ్మత్తులో మెకానిక్కు ఓర్పును పరీక్షించు పనులు కొన్ని కలవు. టర్బోచార్జరును విడదీయుట అందులో ఒకటి. ఏండ్ల తరబడి వేడిలో మాడిన నట్టు కదలదు. రెండు భాగములు ఒకే ముద్దగా పోత పోసినట్లు అంటుకొని యుండును. దీనినే మెకానిక్కులు 'పట్టేసింది' అందురు. పెద్ద సుత్తి తీసికొని బాదవలెనని అప్పుడు ఎవరికైనను తోచును. కాని బాదినందువలన తరచుగా పాడగునది తుప్పు పట్టిన నట్టు కాదు, దాని ప్రక్కనున్న విలువైన భాగము. భాగములు ఎందుకు పట్టేసినవో తెలిసికొన్నచో, విడిపించు మార్గము కూడ అందుండియే దొరకును.

ముందుగా టర్బో అనగా ఏమో చూతము. ఇంజనులో ఇంధనము మండిన పిదప వేడి వాయువులు పొగగొట్టము ద్వారా బయటకు పోవును. వాటిలో ఇంకను చాల శక్తి మిగిలి యుండును. ఆ వాయువులను ఒక చిన్న రెక్కల చక్రము గుండ పంపినచో అది గిరగిర తిరుగును. ఇది టర్బైను. అదే ఇరుసు రెండవ కొనకు మరొక చక్రము బిగించి యుండును. అది బయటి గాలిని పీల్చి, ఒత్తిడితో ఇంజనులోనికి నెట్టును. ఇది కంప్రెసరు. గాలి హెచ్చుగా అందుటచే హెచ్చు ఇంధనమును మండించవచ్చును. కనుక చిన్న ఇంజను కూడ ఎక్కువ శక్తి నిచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లోనే ఈ ఊహకు పేటెంటు కోరెను. 1962లో అమెరికాలోని ఓల్డ్స్‌మొబీల్, షెవ్రొలే సంస్థలు టర్బో అమర్చిన కార్లను అమ్మకమునకు తెచ్చినవి.

ఇక భాగములు పట్టేయుటకు కారణములు మూడు. మొదటిది తుప్పు. ఇనుము ఆక్సిజనుతో కలిసి ఆక్సైడుగా మారినపుడు దాని ఘనపరిమాణము సుమారు రెండింతలగును. బోల్టు మరలకును నట్టు మరలకును నడుమ వెంట్రుకవాసి సందు మాత్రమే యుండును. అందులో పుట్టిన తుప్పుకు చోటు చాలక, అది రెండు వైపులను గట్టిగా ఒత్తి పట్టును. రెండవది వేడి. టర్బైను తొడుగు పోత ఇనుముతో చేయబడును. డీజిలు ఇంజనులలో దానిని తాకు వాయువుల ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెంటీగ్రేడును దాటవచ్చును. ఇట్లు కాగి చల్లారుట వేలసార్లు జరుగుటచే లోహపు పైపొర ఆక్సీకరణము చెంది, తాకియున్న భాగములు అతుకుకొనును. మూడవది మసి. కొన్ని డీజిలు టర్బోలలో వాయువుల దారిని మార్చు చిన్న కదిలెడు రెక్కలుండును. వాటి సందులలో మసి చేరి గట్టిపడినచో అవి కదలవు.

మొదటి చికిత్స నూనె, ఓర్పు. దీపపు వత్తిలో నూనె తనంతట పైకెక్కుట మనమెరుగుదుము. ఇది కేశాకర్షణము. చిక్కదనము తక్కువగల పలుచని నూనెను నట్టు మొదట పోసినచో, అదే ధర్మముచే సన్నని సందులలోనికి ప్రాకును. కాని సందు ఇరుకుగా నుండుటచే దానికి కాలము పట్టును. కనుక కొన్ని గంటలు, వీలైనచో ఒక రాత్రి, నానబెట్టవలెను.

రెండవ చికిత్స వేడి. ఇనుప వలయమును కాచినచో దాని రంధ్రము చిన్నదగునా, పెద్దదగునా? చిన్నదగునని పలువురు విద్యార్థులు చెప్పుదురు. నిజమునకు పెద్దదే అగును. బండి చక్రమునకు ఇనుప పట్టాను కమ్మరి ఎర్రగా కాచి తొడుగుట ఇందుకే. టర్బైను తొడుగులోని రంధ్రము వ్యాసము 60 మిల్లీమీటర్లనుకొందము. పోత ఇనుము వ్యాకోచ గుణకము డిగ్రీకి సుమారు 0.000011. తొడుగును మాత్రము 200 డిగ్రీలు వేడెక్కించినచో వ్యాసము 60 × 0.000011 × 200 = 0.13 మిల్లీమీటరు పెరుగును. అది తల వెంట్రుక మందమునకు మించినది. తుప్పు పట్టు సడలుటకు ఇంత చాలును. అయితే వేడి బయటి భాగమునకే తగులవలెను. లోపలి భాగము కూడ అంతే కాగినచో రెండును సమానముగా పెరిగి ప్రయోజనముండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నూనె, పెట్రోలు ఆవిరులు సులభముగా అంటుకొనును. కనుక మంట పెట్టుటకు ముందు వాటిని పూర్తిగా తుడిచివేయవలెను. క్లోరిను గల శుభ్రపరచు ద్రవములకు మంట సోకినచో ఫాస్జీను అను విషవాయువు పుట్టవచ్చును. అట్టి ద్రవము వాడినచోట మంట ఎంతమాత్రము తగదు.

మూడవది చిన్న దెబ్బలు. రాగి సుత్తితోనో కొయ్య సుత్తితోనో తొడుగు చుట్టును మెల్లగా తట్టినచో, ఆ అదురుకు తుప్పు పొడియై రాలును. నట్టును ఒకేవైపు బలముగా లాగక, కొంచెము బిగించుచు కొంచెము వదలించుచు ముందుకు వెనుకకు ఆడింపవలెను. పోత ఇనుము అణచు బలమును బాగుగా ఓర్చును గాని లాగు బలమునకు పెళుసుగా పగులును. సందులో ఉలి దూర్చి విడదీయ యత్నించినచో పగులు తప్పదు.

అన్నిటికంటె ముఖ్యము, రెక్కల చక్రమును పట్టుకొని ఎత్తరాదు, దానిపై దెబ్బ పడరాదు. ఇందుకు కారణము ఒక చిన్న లెక్క వలన తెలియును. టర్బో చక్రము నిమిషమునకు 1,50,000 సార్లు తిరుగుచున్నదనుకొందము. ఇరుసునకు 2 సెంటీమీటర్ల దూరములో రెక్క నుండి 0.1 గ్రాము లోహము ఊడినదనుకొందము. ద్రవ్యరాశిని వ్యాసార్ధముతోను, కోణీయ వేగపు వర్గముతోను గుణించినచో సుమారు 490 న్యూటనులు వచ్చును. అనగా 50 కిలోగ్రాముల బరువు ఇరుసును ఎడతెగక చుట్టును లాగుచున్నట్లు! ఇక బేరింగులు ఎంతకాలము నిలుచును? మసితో పట్టేసిన చిన్న రెక్కలను కూడ ఇందుకే బలముగా తిప్పక, తగిన ద్రవములో నానబెట్టి మెత్తని కుంచెతో కడుగవలెను.

విడదీయుటకు ముందే తొడుగుల మీద గుర్తులు గీసికొన్నచో, మరల అదే కోణములో కూర్చవచ్చును. కంప్రెసరు చక్రపు నట్టునకు అనేక టర్బోలలో ఎడమ మరలుండును. ఈ సంగతి తెలియక మామూలుగా తిప్పినవాడు దానిని వదలించుటకు బదులు ఇంకను బిగించును. తిరిగి బిగించునపుడు మరలకు రాగి పొడి గాని నికెలు పొడి గాని కలిపిన, వేడికి తాళు లేపనము పూయవలెను. అది లోహమునకు లోహము తగులకుండ అడ్డుపడి, తరువాతి మరమ్మత్తును సులభము చేయును.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపవచ్చును. ఒకే విధముగా తుప్పు పట్టిన రెండు నట్లు, బోల్టులు తెచ్చి, ఒకదానిని రాత్రంతయు పలుచని నూనెలో నానబెట్టుడు. రెండవదానిని అట్లే యుంచుడు. మరునాడు బోల్టులను పట్టుగొయ్యలో బిగించి, స్పానరు కొనకు స్ప్రింగు త్రాసు తగిలించి, నట్టు కదలుటకు ఎంత బలము కావలెనో కొలువుడు. ఆ బలమును స్పానరు పొడవుతో గుణించినచో బలభ్రామకము వచ్చును. రెండు అంకెలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, తేడాకు కారణమును విద్యార్థులనే చెప్పుమనుడు.