ఫార్మాట్ కొట్టే ముందు
ఆఫీసు ల్యాప్‌టాప్‌లో లినక్స్: అపోహలు – వాస్తవాలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లో ఆడిటర్ల దగ్గర, ప్రైవేటు కాలేజీల్లో, జిరాక్స్ సెంటర్లలో ఇంకా చక్కగా నడుస్తున్న పాత ల్యాప్‌టాప్‌లకు ఈ షరతులు అడ్డం. అందుకే లినక్స్ మాట వస్తోంది. వేసుకున్నాక వైఫై రాలేదనో, మూత తెరిస్తే స్క్రీన్ నల్లగా ఉందనో విసిగిపోయి మళ్లీ ఫార్మాట్ కొట్టించేవాళ్లూ ఉన్నారు. నా బాధ అక్కడే. లినక్స్‌లో హార్డ్‌వేర్ ఇబ్బంది వస్తే చాలాసార్లు కారణం నాలుగింట్లో ఒకటి: ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోవడం, లినక్స్‌కు మూలమైన కెర్నెల్ పాతది కావడం, బయోస్‌లో ఏదో సెట్టింగు, లేదా నిజంగానే పార్టు పోవడం. ఏది అన్నది తేల్చకుండా కొట్టిన ఫార్మాట్ వల్ల ఒక రోజు పని పోతుంది, రోగం అలాగే ఉంటుంది.

అపోహ: ఇది ఇంజినీరింగ్ పిల్లలకే, ఆఫీసు పనికి కాదు

దేశంలోని జిల్లా కోర్టుల కంప్యూటర్లకు సుప్రీంకోర్టు ఇ-కమిటీ ఎంచుకున్నది ఉబుంటు లినక్స్. న్యాయాధికారులకు దాని మీద శిక్షణ కూడా ఇప్పించింది. కేరళ ప్రభుత్వ బడుల్లో ల్యాప్‌టాప్‌లు ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన దగ్గర తెలుగులో లినక్స్ తెచ్చేందుకు హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ పనిచేసింది. ఈ అపోహ గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: లినక్స్ వేస్తే వైఫై రాదు

ఎక్కువగా వినిపించేది ఇదే. దీని వెనక ఒకప్పటి నిజం ఉంది. వైఫై చిప్‌కు డ్రైవరొక్కటే సరిపోదు, తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కూడా కావాలి. దాని మూలకోడ్ కంపెనీలు బయటపెట్టవు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాన్ని గట్టిగా పట్టుకున్న డెబియన్ అందుకే చాలాకాలం ఆ ఫైళ్లను తన అధికారిక ఇన్‌స్టాల్ డిస్కులో పెట్టలేదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతి మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి డిస్కులోనే వస్తున్నాయి.

ఇక కెర్నెల్ వయసు. లినక్స్‌లో చాలా డ్రైవర్లు విడిగా రావు, కెర్నెల్‌లోనే ఉంటాయి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో విరివిగా కనిపించే రియల్‌టెక్ 8821సీఈ చిప్‌నే చూడండి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 20.04లో ఉన్నది 5.4 కెర్నెల్, దానికి ఈ చిప్ తెలియదు. ఆ ఏడాదే తర్వాత వచ్చిన 5.9 కెర్నెల్‌కు తెలుసు. ల్యాప్‌టాప్ అదే, చిప్ అదే. పాత పెన్‌డ్రైవ్‌తో వేస్తే వైఫై లేదు, కొత్త దానితో వేస్తే ఉంది. షాపులో ఎప్పటిదో పెన్‌డ్రైవ్ తీస్తే వద్దనండి, సైటు నుంచి తాజాగా దించిన ఐఎస్‌ఓతోనే వేయమనండి.

అయినా రాలేదనుకోండి. ముందు ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టండి, వైఫై లేకుండానే నెట్ వస్తుంది. తర్వాత టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిన్న గీత, కె పెట్టండి. వైఫై కార్డు పేరు కింద ఏ డ్రైవరు వాడుకలో ఉందో కనిపిస్తుంది. ఆ వరుసే లేకపోతే డ్రైవరు ఎక్కలేదని అర్థం. డ్రైవరు ఉండి కూడా పనిచేయకపోతే, సుడో పెట్టి డి-ఎమ్-ఇ-ఎస్-జి అనే అయిదు అక్షరాలు కొట్టండి. బూటైనప్పటి నుంచి కెర్నెల్ రాసుకున్న చిట్టా అంతా వస్తుంది. ఫర్మ్‌వేర్ దొరక్కపోతే ఏ ఫైలు దొరకలేదో అందులో పేరుతో సహా ఉంటుంది. ఇంత విడమరిచి చెబుతున్న యంత్రాన్ని చదవకుండా చెరిపేయడం నాకు మనసొప్పదు. చివరగా ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టి చూడండి. హార్డ్ బ్లాక్డ్ దగ్గర యెస్ అని ఉంటే సాఫ్ట్‌వేర్‌తో పని కాదు, కీబోర్డు మీద విమానం బొమ్మ మీటో, పక్కనున్న స్విచ్చో, బయోస్ సెట్టింగో దాన్ని ఆపింది.

అపోహ: లినక్స్ బ్యాటరీని తినేస్తుంది, ల్యాప్‌టాప్‌ను కాల్చేస్తుంది

పాలమూరులో మూత మూసి బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతారు. దిగి తీస్తే ల్యాప్‌టాప్ కాలుతుంటుంది, ఛార్జింగ్ ఉండదు. పాత యంత్రాల్లో నిద్ర అంటే ర్యామ్‌కు తప్ప మిగతా వాటికి దాదాపు కరెంటు ఆపేయడమే. ఇటీవలి చాలా మోడళ్లలో తయారీదారులే ఆ గాఢనిద్రను తీసేసి, ఫోనులా సగం మేలుకుని ఉండే పద్ధతి పెట్టారు. ఆ మోడళ్లలో విండోస్ వాడేవాళ్లూ ఇదే ఫిర్యాదు చేస్తారు. సిస్ ఫోల్డర్‌లో పవర్, అందులో మెమ్ స్లీప్ అనే ఫైలు తెరిస్తే మీ యంత్రానికి ఏ నిద్రలున్నాయో కనిపిస్తుంది. డీప్ అన్న మాట ఉంటే దాన్ని ఎంచుకుని చూడొచ్చు. లేకపోతే బయోస్ అప్‌డేట్, కొత్త కెర్నెల్ ప్రయత్నించండి. దూరప్రయాణానికైతే షట్‌డౌన్ చేయడమే క్షేమం.

బ్యాటరీ సంగతి యూపవర్ ఆదేశం తేల్చేస్తుంది. తయారైనప్పటి సామర్థ్యమూ, ఇప్పుడు నిండా ఎక్కితే ఉండే సామర్థ్యమూ పక్కపక్కనే చూపిస్తుంది. 48 వాట్ అవర్లది 22కి పడిపోయి ఉంటే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా మీటింగు సగంలోనే ఆగిపోతుంది, బ్యాటరీ మార్చాలి. వేడి విషయంలో మన ఊరి ఎండాకాలాన్ని మరవొద్దు. మే నెలలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను రెక్కల్లో ఏళ్ల దుమ్ము ఉంటుంది. దాన్ని శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్పించి, అప్పుడు సెన్సార్స్ ఆదేశంతో కొలవండి. ఒక్క విషయంలో లినక్స్ తప్పూ ఉంటుంది: బ్రౌజర్‌లో వీడియో డీకోడింగ్ గ్రాఫిక్స్ చిప్ మీదకు వెళ్లకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడి వేడెక్కుతుంది. సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ చూసుకోవాలి.

అపోహ: లినక్స్ వేస్తే మదర్‌బోర్డే పోతుంది

ఇలాంటిది ఒకసారి దాదాపు జరిగింది, దాచాల్సిన పని లేదు. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 వేసిన కొన్ని లెనోవో, ఏసర్, తోషిబా ల్యాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ కాకుండా పోయాయి. ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవరు దానికి కారణం. ఉబుంటు వెంటనే డౌన్‌లోడ్ ఆపేసి, సరిచేసిన కూర్పును 2018 జనవరిలో విడుదల చేసింది. ఇప్పుడు డెల్, లెనోవో వంటి కంపెనీలు తమ బయోస్ అప్‌డేట్లను ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే సాధనం ద్వారా నేరుగా లినక్స్‌కే పంపుతున్నాయి. ఆ అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ ఛార్జరు పెట్టే ఉంచండి, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ నిండా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

అపోహ: సెక్యూర్ బూట్ ఆపేస్తే గానీ లినక్స్ ఎక్కదు

ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అన్నీ సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు ఆన్‌లో ఉండగానే ఎక్కుతాయి. చిక్కంతా ఎన్విడియా వంటి బయటి డ్రైవర్లతో. అవి వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్టులో నీలం తెర వచ్చి అదే పాస్‌వర్డ్ అడుగుతుంది. తొందరలో కంటిన్యూ నొక్కేస్తే డ్రైవరు ఎక్కదు, రెండో మానిటరు రాకపోవచ్చు.

బయోస్‌లో చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడకపోతే అక్కడ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ ఆన్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ కూడా ఉంచుకోవాలంటే అది ముందుగా సేఫ్ మోడ్‌లో బూటయ్యేలా పెట్టి, బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసి, ఆ తర్వాతే మార్చండి. ల్యాప్‌టాప్ కంపెనీదైతే ఐటీ విభాగం రాతపూర్వక అనుమతి లేకుండా ఇవేవీ ముట్టుకోవద్దు.

అపోహ: లినక్స్‌లో అన్నీ వాటంతటవే పనిచేస్తాయి

ఇది లినక్స్ అభిమానులది, దీనివల్లా అంతే నష్టం. మన ఆఫీసుల్లో కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ లేని గల్లీ లేదు. అది క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడుతుంది, లినక్స్‌లో దాన్ని నడిపించడం ఓపిక పరీక్ష. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచే ఫర్మ్‌వేర్ అందుకోవాలి. హెచ్‌పీఎల్‌ఐపీ అనే డ్రైవరు ప్యాకేజీతో పాటు దాని ప్లగిన్ కూడా వేస్తే నడుస్తుంది. వేలిముద్రతో ల్యాప్‌టాప్ తెరిచే రీడర్లలో చాలావాటికి డ్రైవర్లు లేవు. ఆధార్ వేలిముద్ర యంత్రాల ఆర్‌డీ సర్వీసులు ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే తయారవుతున్నాయి, కాబట్టి మీ-సేవ కౌంటరు యంత్రాన్ని మార్చొద్దు. ఆడిటర్లు వాడే ఈపాస్ 2003 డిజిటల్ సంతకం టోకెన్‌ను లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌సీ అనే సాఫ్ట్‌వేర్ గుర్తిస్తుంది, కానీ పోర్టల్ అడిగే సంతకం సాఫ్ట్‌వేర్ లినక్స్‌కు ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

ఇవన్నీ డిస్కు చెరపకుండానే తెలుసుకోవచ్చు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూటై, ట్రై అన్నది నొక్కి, ఆఫీసులోనే కూర్చుని వైఫై కలపండి, వీడియో కాల్ చేయండి, మూత మూసి తెరవండి, ప్రొజెక్టరు తగిలించండి. రోజూ వాడే ప్రింటర్‌లో ఒక కాగితం తీయండి. ఏది పనిచేయలేదో రాసుకుని, దాని చిప్ పేరు కనుక్కున్నాక వేయాలో వద్దో తేల్చుకోండి.