ప్రశ్నిస్తే విశ్వాసం పోయినట్టేనా?

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమయ్యాక భిలాయికి దేశం నలుమూలల నుంచీ కార్మికులు తరలివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఊరుగాని ఊరిలో తెలుగు క్రైస్తవ కుటుంబానికి చర్చి అంటే ప్రార్థన చేసుకునే చోటు, సొంత భాష వినిపించే చోటు, మంచికీ చెడుకీ నలుగురూ తోడొచ్చే చోటు. అందుకే ఎదిగిన బిడ్డ ‘ఇదంతా నిజమేనా?’ అని అడిగితే తల్లిదండ్రుల గుండె ఝల్లుమంటుంది.

ఆ భయానికి మరో కారణమూ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో క్రైస్తవులు 2 శాతం లోపే. మతమార్పిడులపై 1968లో మధ్యప్రదేశ్ చేసిన చట్టం 2000లో రాష్ట్రం విడిపోయాక ఇక్కడా కొనసాగింది. 2025 జులైలో భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు కేరళ సన్యాసినులను మతమార్పిడి, మనుషుల అక్రమ రవాణా ఆరోపణలతో అరెస్టు చేశారు. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ఎన్‌ఐఏ కోర్టు వారికి బెయిల్ ఇచ్చింది. బయట ఇంత ఒత్తిడి ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ల ప్రశ్న కూడా ద్రోహంలా అనిపిస్తుంది.

కానీ భిలాయి ఐఐటీ కోచింగ్‌కు పేరున్న ఊరు. ఫిజిక్స్ క్లాసులో ‘ఎందుకు?’ అని అడిగిన పిల్లను మెచ్చుకుంటారు. అదే పిల్ల సండే స్కూల్లో ఆ మాటే అంటే ‘ప్రార్థన తగ్గింది’ అంటారు. దాంతో ఆ పిల్ల అడగడం మానేస్తుంది. ఆలోచించడం మాత్రం మానదు. జవాబులు ఫోన్‌లో వెతుక్కుంటుంది.

యువతకు తోడుండే పెద్దలు ముందుగా ఆ ప్రశ్న ఏ రకానిదో పోల్చుకోవాలి. సృష్టికీ సైన్సుకూ పొత్తు ఎలా అనేది చదివి చెప్పాల్సిన ప్రశ్న. ‘అంత ప్రార్థించినా అమ్మ ఎందుకు చనిపోయింది?’ అనేది దుఃఖం; దానికి ప్రసంగం మందు కాదు, పక్కన కూర్చోవాలి. ‘చర్చిలో కులం ఎందుకు? కానుకల లెక్క ఎవరు చూస్తారు?’ అనేవి చర్చి తనను తాను సరిదిద్దుకుంటేనే తీరే ప్రశ్నలు. మూడింటికీ ఒకటే వచనం చూపిస్తే ఏదీ తీరదు.

ప్రశ్న బైబిలుకు కొత్త కాదు. గాయాలు చూడందే నమ్మనన్న తోమాను యేసు వెళ్లగొట్టలేదు. యోబు దేవుడితోనే వాదించాడు. తెలుగువారిలోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. నెల్లూరులో 1886లో పుట్టిన పి. చెంచయ్య న్యాయమూర్తిగా పనిచేశారు. భారతీయుడికి క్రీస్తు కావాలి గానీ పడమటి చర్చి వ్యవస్థ యథాతథంగా ఎందుకని నిలదీశారు. 1938లో ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ను వెలువరించిన బృందంలో ఆయన ఒకరు. అంత ప్రశ్నించీ క్రైస్తవుడిగానే బతికారు.

తోడుండటానికి కొన్ని హద్దులున్నాయి. నమ్మి చెప్పిన మాట మర్నాటి ప్రసంగంలో ఉదాహరణ కాకూడదు. తెలియనిది తెలియదనాలి. మైనర్లతో మూసిన గదిలో ఒంటరిగా మాట్లాడకూడదు. నిరాశలో కూరుకుపోయినవారిని డాక్టరు దగ్గరికి పంపడం విశ్వాసలోపం కాదు.

అన్నిటికన్నా కష్టమైనది, ఫలితాన్ని ముందే రాసిపెట్టుకోకపోవడం. ఆ యువతి విశ్వాసంలో నిలవొచ్చు, నిలవకపోవచ్చు. రాజ్యాంగంలోని 25వ అధికరణ ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛను ప్రభుత్వం నుంచి కోరుతున్న సమాజం, అదే స్వేచ్ఛను తన పిల్లలకు ఇవ్వగలగాలి.