వత్తులకు చోటు చాలని పలక

అర్థమనగా భావము. అర్ధమనగా సగము. ఈ రెంటికి నడుమ ఉన్న భేదమంతా రకారం క్రింద వ్రేలాడే చిన్న వత్తులో, ఆ వత్తు కడుపులోని ఒక్క చుక్కలో ఉన్నది. తెలుగు ఉపాధ్యాయుడు ఈ మాటలను నల్లబల్లమీద వ్రాసేటప్పుడు సుద్దముక్కను కొంత క్రిందికి దించి, వత్తును కావలసినంత పెద్దది చేసి, చుక్కను ఒకటికి రెండుసార్లు పొడిచి మరీ చూపుతాడు. నల్లబల్లకు చోటు కొరత లేదు. ఆ పిల్లవాడే ఇంటికి పోయి అదే పాఠాన్ని ఫోను తెరమీద చదువబోతే, అర్థమేదో అర్ధమేదో పోల్చుకొనలేక కన్నులు చికిలించవలసి వస్తున్నది. తప్పు పిల్లవానిది కాదు. అతని కంటిదీ కాదు.

రోమను లిపికి తల, నడుము, తోక అను మూడే అంతస్తులు. తెలుగు అక్షరం అట్లు కాదు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరాన్ని చూడండి. తలమీద గుడిదీర్ఘం, నడుమ సకారం, దాని క్రింద తవత్తు, దానికి తోడు క్రావడి. ఇది నిలువుగా కట్టిన మేడ. ఫోను తెరమీది పంక్తులను, మీటలను, పట్టీలను గీసినవారు రోమను అక్షరం ఎత్తును కొలతగా పెట్టుకొని గీసినారు. ఒంటి అంతస్తు ఇంటికి వేసిన పైకప్పు క్రింద మూడంతస్తుల మేడను ఇమిడ్చవలసి వచ్చినప్పుడు ఏమి చేస్తారు? మేడను అణచివేస్తారు. తెలుగు వత్తులకు జరిగినది ఇదే.

ఫోనులో అక్షరరూపాన్ని మార్చుకొనవలెనను కోరిక కుర్రవాళ్ళ వేడుక మాత్రమేనని పెద్దలు కొందరు తలుస్తారు. వేడుకకై మార్చేవారు లేకపోలేదు. చేతివ్రాతవలె వంకరలు పోయే ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకొని మురిసేవారిని ప్రతి కళాశాలలోను చూడవచ్చును. కాని తెలుగువారి విషయంలో ఈ పని మొదలైనది వేడుకగా కాదు, చదువుకొనే దారి లేక.

ఆండ్రాయిడ్ వ్యవస్థతో పనిచేసే తొలి ఫోను 2008లో అమ్మకానికి వచ్చినది. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు అప్పటికే స్థానం ఉన్నది. 1991లో వెలువడిన మొదటి సంపుటంలోనే తెలుగు లిపికి 128 గళ్ళ వరుస దక్కినది. ఐనను ఆ తొలి ఫోనులకు తెలుగు రాదు. తెలుగు వార్త తెరిస్తే వరుసగా ఖాళీ చతురస్రాలు కనిపించేవి. వీటికి ఆ రంగంలోనివారు పెట్టిన ముద్దుపేరు ‘టోఫు’, అనగా సోయాపాల జున్నుముక్కలు. ఆ రోజులలో ఒపేరా మినీ అను బ్రౌజరు లోపల మరుగున ఉన్న ఒక అమరికను మార్చితే, ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరు తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. తెలుగు చదువుటకు తెలుగు బొమ్మలు చూడవలసిన కాలమది.

అంతటితో తృప్తి చెందనివారు ఫోను తాళం పగులగొట్టినారు. దీనినే రూటు చేయడమంటారు. 1969లో పుట్టిన యూనిక్స్ వ్యవస్థ నుండి సంక్రమించిన మాట ఇది. అందులో సర్వాధికారికి ‘రూటు’ అని పేరు. డబ్బిచ్చి కొన్నవాడైనను ఫోను యజమాని మామూలుగా ఈ అధికారి కాడు. ఇంటిలో అద్దెకున్నవానివలె గదులలో తిరుగవచ్చును గాని గోడకు మేకు కొట్టరాదు. రూటు చేస్తే మేకు కొట్టే హక్కు వస్తుంది, గోడ కూలితే బాధ్యతా వస్తుంది. ఆ హక్కు సంపాదించినవారు వ్యవస్థ కొట్టులో ఫాంటులుండే అరను తెరచి, ‘డ్రాయిడ్ సాన్స్ ఫాల్‌బ్యాక్’ అను ఫైలును తీసివేసి, దాని పేరే పెట్టిన తెలుగు అక్షరాల ఫైలును అక్కడ ఉంచినారు. చతురస్రాలు మాయమైనవి. తెలుగు వచ్చినది, ముక్కలు ముక్కలుగా. ‘స్త్రీ’ అని ఉండవలసిన చోట సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, చివర దిక్కులేని గుడిదీర్ఘం, ఆరు ముక్కలు ఆరు దిక్కులుగా నిలిచినవి.

ఎందువల్లనన్నది విద్యార్థులు గ్రహింపదగిన సంగతి. యూనికోడ్‌లో ‘స్త్రీ’కి ఒక సంఖ్య లేదు. పైన చెప్పిన ఆరింటికి ఆరు సంఖ్యలున్నవి. ఆ ఆరింటిని కలిపి ఒక్క అక్షరంగా కూర్చేందుకు వేరొక యంత్రాంగం కావలెను. సీసపు అక్షరాల కాలంలో ఈ పని కంపోజిటరుది. కేసులోని గళ్ళ నుండి అక్షరాన్ని, వత్తును వేరువేరుగా ఏరి, ఏది ఎక్కడ కూర్చుంటుందో అనుభవంతో అమర్చేవాడు. గళ్ళనిండ అక్షరాలుండి కంపోజిటరు లేని అచ్చుకూటం వంటివి ఆనాటి ఫోనులు. తరువాత ఆండ్రాయిడ్‌లో ఆ కంపోజిటరు ఉద్యోగంలో చేరిన ఉపకరణం పేరు హర్ఫ్‌బజ్. పారసీక పదాలతో కూర్చిన పేరది. హర్ఫ్ అనగా అక్షరమని హైదరాబాదులో ఉర్దూ ఎరిగినవారికి తెలిసినదే. 2012లో వచ్చిన 4.1 సంచికతో కన్నడ మలయాళాల సరసన తెలుగుకు కూడ వ్యవస్థలోనే చోటు దొరికినది. చదువుటకై తాళం పగులగొట్టవలసిన అగత్యం అప్పటితో తీరినది.

ఈ కూర్పు ఎంత లోతైన పనియో తెలియవలెనన్న 2018 ఫిబ్రవరిని గుర్తు తెచ్చుకొనవలె. ‘జ్ఞా’ అను అక్షరం ఒక విధమైన సంఖ్యల వరుసలో, నడుమ కంటికి కనబడని ఒక విడదీసే గుర్తుతో, ఐఫోనుకు చేరితే దానిని చూపబోయిన సాధనం కుప్పకూలేది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసినది. జ్ఞానానికి మొదటి అక్షరం అంత పని చేసినదని తెలుగువారు నవ్వుకొన్నారు. నవ్వులో కొంత గర్వం కూడ ఉండెనేమో.

చదువు సమస్య తీరినను అందం, స్పష్టత అను సమస్యలు మిగిలినవి. ఇక్కడనే చాలమంది పొరబడుతారు. 2011లో వచ్చిన 4.0 సంచిక నుండి ఆండ్రాయిడ్‌కు మూలమైన అక్షరరూపం రోబోటో. దానిని మార్చితే ఫోనంతా మారునని ఎంచి, రూటు చేసి, రోబోటో ఫైళ్ళ స్థానంలో తమకు నచ్చినవి పెట్టి, ఫోను తెరచి చూసుకొంటే ఇంగ్లీషంతా మారి ఉంటుంది. తెలుగు మాత్రం చెక్కు చెదరదు. రోబోటోలో తెలుగు లేనే లేదు గదా! ‘అ’ అను అక్షరం అడిగినప్పుడు వ్యవస్థ మొదట రోబోటోను వెదకి, అక్కడ లేదని తెలిసి, జాబితాలో తరువాతి ఫైళ్ళను ఒక్కొక్కటిగా చూస్తూ నోటో సాన్స్ తెలుగు దగ్గర ఆగుతుంది. ‘టోఫు వద్దు’ అను ఇంగ్లీషు మాటలను కుదించి పెట్టిన పేరు నోటో. తయారీదారులు కొందరు రూటుతో పని లేకుండనే ఫాంటు మార్చే సదుపాయం ఇస్తున్నారు. అక్కడ ఎన్నుకొన్న ఫాంటులో తెలుగు లేకపోతే ఫలితం ఇదే.

జాబితా చదివినవారికి ఇంకొక వింత కనిపిస్తుంది. తెలుగుకు ఉన్నది ఒక ఫైలు కాదు, రెండు. ఒకటి నోటో సాన్స్ తెలుగు, రెండవది నోటో సాన్స్ తెలుగు యూఐ. జాబితాలో మొదటిదానికి ‘ఎలిగెంట్’ అని, రెండవదానికి ‘కాంపాక్ట్’ అని గుర్తులు. మొదటిది సొగసైనది, రెండవది కుదించినది. అక్షరం తన నిండు ఎత్తులో నిలిచేది మొదటిదానిలో. రోమను పంక్తిలో ఇముడునట్లు వత్తులను, గుడులను అణచి దగ్గరకు లాగినది రెండవది. ఏండ్ల తరబడి ఫోనులో మామూలుగా కనిపించినది ఈ రెండవదే. అర్థానికి, అర్ధానికి తేడా తెలియకపోవుటకు మూలం ఇక్కడ ఉన్నది. సొగసైనది లేక కాదు. ఇంటిలోనే ఉన్నది, వరండాలోనికి రానిచ్చినవారు లేరు.

రూటు చేసినవారు ఈ చోటనే చేయి పెట్టినారు. వారికి ఫాంటుల కొరత లేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు అంతకుముందే కంప్యూటర్లలో వాడుకలో ఉన్నవి. తరువాత మండలి, గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన, ధూర్జటి మొదలైనవి ఎవరైనను ఉచితంగా వాడుకొనగల అనుమతితో వెలువడినవి. వీటిలో ఒకదానిని తెచ్చి, దానికి నోటో సాన్స్ తెలుగు యూఐ అని పేరు మార్చి, పాతదాని స్థానంలో ఉంచవలెను. వ్యవస్థ పేరునే చూస్తుంది గాని ముఖం చూడదు. రాజులను అంత నిరసించిన ధూర్జటి మారుపేరుతో ఒక కొలువులో కూర్చోవలసి వచ్చుట విధివిలాసమే.

పని చెప్పినంత తేలిక కాదు. మొదట ఫోను ఆరంభ ద్వారానికి ఉన్న తాళం తీయవలె. బూట్‌లోడరు తాళమంటే ఇదే. అది తీసిన క్షణాన ఫోనులోని ఫోటోలు, ఉత్తరాలు, సమస్తం తుడిచిపెట్టుకొని పోతుంది. దొంగ చేతిలో పడిన ఫోనునుండి రహస్యాలు బయటపడకుండుటకు పెట్టిన ఏర్పాటది. ముందుగా నకలు తీసుకొననివారు తరువాత ఏడ్చి ప్రయోజనం లేదు. పాత పద్ధతిలో వ్యవస్థ విభాగాన్ని వ్రాతకు వీలుగా మార్చి, క్రొత్త ఫైలును ఉంచి, దానికి 644 అను అనుమతి ఇవ్వవలె. చదువుటకు 4, వ్రాయుటకు 2. యజమానికి రెండును కలిసి 6, తక్కినవారికి చదువు మాత్రమే గనుక 4, మరల 4. ఈ చిన్న లెక్క తప్పితే వ్యవస్థ తన అక్షరాలను తానే చదువలేక, తయారీదారు చిహ్నం దగ్గర ఆగి, మొదటికి వచ్చి, మరల ఆగి, గానుగెద్దువలె తిరుగవచ్చును. ఇటీవలి ఫోనులలో ఆ విభాగాన్ని నేరుగా తిరుగవ్రాయుట చాల కష్టం. 2016లో జాన్ వూ వెలువరించిన మాజిస్క్ అను ఉపకరణం అసలు గోడను ముట్టకుండ దానిమీద తెర కప్పినట్లు పని చేస్తుంది. తెర తీసివేస్తే పాత గోడ యథాతథం. ఉన్న మార్గాలలో వివేకమైనది ఇదేనని చెప్పవచ్చును. ఐనను బ్యాంకు లావాదేవీల ఆప్‌లు పెక్కు రూటు చేసిన ఫోనును చూడగానే తలుపు మూసివేస్తాయి. జీతం జమయ్యే ఖాతా ఉన్న ఫోనుమీద ఈ ప్రయోగం చేయబోయే ఉపాధ్యాయుడు ఈ సంగతి ముందే ఆలోచించుకొనవలె.

ఇంత చేసినను ఫలం నిండుగా దక్కదు. అణచిన అక్షరం ఎత్తుకు గీసిన మీటలో నిండు అక్షరాన్ని పెడితే క్రింది వత్తు అంచుకు తగిలి తెగిపోతుంది. ‘రాష్ట్రం’ కాళ్ళు లేకుండ నిలుస్తుంది. వార్త చదివేటప్పుడు కన్నులకు హాయి, మీట నొక్కేటప్పుడు అక్షరానికి అంగవైకల్యం. లోపం అక్షరానిది కాదు, గది కొలతది. గదిని కట్టినవారే దానిని మార్చగలరు.

వారు మార్చనారంభించినారు కూడ. 2024లో వెలువడిన ఆండ్రాయిడ్ 15లో, ఆ సంచికను లక్ష్యంగా చేసుకొని తయారైన ఆప్‌లకు నిండు ఎత్తు అక్షరమే మామూలు అక్షరమైనది. కాదని పాత కుదింపును కోరుకొనే వీలును కూడ తరువాతి సంచికలో తొలగించి, కుదించిన ఫాంటులు ఇక పోనున్నవని ఆప్‌ల నిర్మాతలకు తెలిపినారు. తమిళం, కన్నడం, మలయాళం, గుజరాతీ, ఒడియా, థాయి, లావో, బర్మీ, అరబ్బీ లిపులు ఈ జాబితాలో తెలుగుతోపాటు ఉన్నవి. పదిమంది బాధ ఒకటే అయినప్పుడు గాని పైకప్పు లేవలేదు. పాత ఫోనులు, పాత ఆప్‌లు చేతులలో ఉన్నంతకాలం పాత అణచివేత కూడ ఉండనే ఉంటుంది.

పల్లెటూరి పాఠశాలలో చదివే పిల్లల చేతికి వచ్చేది తరచు ఇంటిలో పెద్దలు వాడి విడిచిన పాత ఫోనే. దానిని రూటు చేయుమని ఎవరును చెప్పరాదు. అక్షరాల పరిమాణాన్ని అమరికలలో ఒక మెట్టు పెంచితే ద, ధ, థ వత్తులు కొంత విడివడి కనబడుతాయి. అంతకంటె మంచి ఉపాయం ఉపాధ్యాయుని చేతిలోనే ఉన్నది. సందేశంగా పంపిన పాఠం పిల్లవాని ఫోనులోని అక్షరాలను అరువు తెచ్చుకొంటుంది. కంప్యూటరుమీద మండలి వంటి ఫాంటుతో కూర్చి, ఫాంటును లోపల పొదిగి, పీడీఎఫ్‌గా చేసిన పాఠం తన అక్షరాలను తనతోనే తీసుకొనిపోతుంది. పంపే ముందు ‘అర్థం, అర్ధం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి’ అను అయిదు మాటలు ఒక పుటలో వ్రాసి, తరగతిలో అన్నిటికంటె చిన్న తెర ఉన్న ఫోనులో తెరచి చూసుకొంటే చాలును.