శునకాల ఛాతీలో ‘పాలనీరు’.. చిన్న రంధ్రాలతో శస్త్రచికిత్స

ఎండకు రొప్పుతోందిలే అని సరిపెట్టుకున్న పెంపుడు కుక్క నిజానికి ఊపిరందక అవస్థ పడుతూ ఉండవచ్చు. నీడన ఉన్నా డొక్కలు ఎగరేయడం, పడుకోలేక ముందుకాళ్ల మోచేతులను ఛాతీకి దూరంగా చాపి కూర్చోవడం, తిండి తగ్గి చిక్కిపోవడం, విడవని దగ్గు.. ఇవి కనిపిస్తే ఛాతీలో నీరు చేరిందేమోనని అనుమానించాలి. పశువైద్యుడు సూదితో తీసిన ఆ నీరు పాలలా తెల్లగా ఉంటే ఆ వ్యాధి కైలోథొరాక్స్ కావచ్చు. ఇది అరుదైన వ్యాధి. అయితే ఆలస్యమైన కొద్దీ చికిత్సకు లొంగదు. ఛాతీని పెద్దగా కోసి చేసే శస్త్రచికిత్సను ఇప్పుడు కొన్ని పెద్ద పశువైద్య కేంద్రాలలో చిన్న రంధ్రాల గుండా కెమెరా సాయంతో చేస్తున్నారు.

తెల్లదనం ఎక్కడిది?

తిన్న ఆహారంలోని కొవ్వులో అధిక భాగం పేగుల నుంచి నేరుగా రక్తంలో కలవదు. శోషరస నాళాల్లోకి చేరి, కడుపులో వెన్నెముక కింద ఉన్న ఒక తిత్తిలోకి వస్తుంది. అక్కడి నుంచి సన్నని నాళం ఒకటి ఛాతీ గుండా పైకి సాగి మెడ మొదట్లో పెద్ద సిరలో కలుస్తుంది. కొవ్వుతో తెల్లబడిన ఈ శోషరసమే కైల్.

ఈ దారిని మనిషికి చూపించినదీ కుక్కే. ఇటలీ వైద్యుడు గాస్పరో అసెల్లి 1622లో, అప్పుడే మేత తిన్న కుక్క ఉదరాన్ని తెరిచి చూడగా పేగుల పొరపై తెల్లని దారాలు కనిపించాయి. ఒకదానిని గుచ్చితే పాల వంటి ద్రవం చిమ్మింది. ఆ ద్రవం ఛాతీలోని నాళం ద్వారా సిరల్లోకి చేరుతుందని ఫ్రాన్సుకు చెందిన జాన్ పెకే 1651లో ప్రకటించాడు. ఆయన కూడా కుక్కలనే పరిశీలించాడు.

ఈ నాళం నుంచి ద్రవం కారి ఊపిరితిత్తుల చుట్టూ చేరడమే వ్యాధి. గుండె జబ్బు, గుండెలో పురుగులు, ఛాతీలో కణితి, ఊపిరితిత్తి తమ్మె మెలిపడటం, దెబ్బ తగలడం వంటివి కారణం కావచ్చు. చాలా కుక్కల్లో ఏ కారణమూ దొరకదు. ఆఫ్ఘన్ హౌండ్, షిబా ఇను జాతుల్లో ఎక్కువ.

నీరు తీస్తే సరిపోదా?

సూదితో నీరు తీయగానే కుక్క తేరుకుంటుంది. అత్యవసర స్థితిలో ప్రాణం నిలిపేది అదే. ప్రత్యేక కేంద్రానికి వెళ్లేదాకా ఆగకుండా దగ్గరలోని పశువైద్యునితోనే ఆ పని చేయించడం మేలు. ద్రవంలో ట్రైగ్లిసరైడ్లు రక్తంలో కంటే ఎక్కువగా ఉన్నట్లు తేలితే రోగం నిర్ధారణ అవుతుంది. కొవ్వు తక్కువ ఉన్న ఆహారం పెట్టి కొంతకాలం వేచి చూడటమూ ఉంది.

అయితే యజమానులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. తీసిన ప్రతిసారీ కొవ్వు, మాంసకృత్తులు, కొన్ని విటమిన్లు, రోగనిరోధక కణాలు కూడా బయటికి పోతాయి. అంతకన్నా ప్రమాదం మరొకటి ఉంది. కైల్ నెలల తరబడి తగులుతూ ఉంటే ఊపిరితిత్తుల పైపొర మందమై, గట్టిపడి, వాటిని పిడికిలిలా బిగిస్తుంది. అప్పుడు నీరంతా తీసినా ఊపిరితిత్తులు విచ్చుకోవు. ఆ దశకు చేరాక శస్త్రచికిత్స వల్ల ఒరిగేది తక్కువ.

దారం లాంటి నాళాన్ని పట్టుకోవడం

శస్త్రచికిత్సలో ఛాతీ నాళాన్ని ఉదరవితానానికి దగ్గరగా మూసివేస్తారు. దారి మూసుకుపోగానే శోషరసం కడుపులోనే సిరల్లోకి కొత్త దారులు చేసుకుంటుంది. చిక్కేమిటంటే కుక్కల్లో ఈ నాళం ఒక్కటిగా ఉండదు, తరచు పాయలుగా చీలి ఉంటుంది. ఒక్క పాయ తప్పిపోయినా కారడం ఆగదు. నాళాన్ని మాత్రమే మూసిన రోజుల్లో సగానికి కాస్త పైగా కుక్కలే కోలుకునేవి. అందుకే గుండె చుట్టూ ఉన్న పొరను కూడా కొంత తొలగిస్తున్నారు. ఆ పొర మందమైతే సిరల్లో ఒత్తిడి పెరిగి శోషరసం వెనక్కి తన్నుతుంది.

కెమెరా పద్ధతిలో పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు పెడతారు. కుక్కల్లో ఛాతీ వెనుక భాగాన నాళం కుడివైపున ఉంటుంది కనుక రంధ్రాలు కూడా ఆ వైపునే. పొట్ట కిందికి ఉండేలా పడుకోబెడితే ఊపిరితిత్తులు వాటి బరువుతోనే కిందికి జారి, వెన్ను పక్కనున్న నాళం పైన కనిపిస్తుంది. తెర మీద పెద్దదిగా కనిపించే నాళానికి, దాని పాయలకు లోహపు క్లిప్పులు వేస్తారు. కుక్కల్లో నాళాన్ని ఇలా చూసి మూసిన వివరాలు 2002లో ప్రచురితమయ్యాయి. నాళాన్ని మూయడం, గుండెపొర తీయడం రెంటినీ ఈ పద్ధతిలోనే చేసిన 12 కుక్కల అనుభవం 2010లో వెలువడింది. గుండెపొర శస్త్రచికిత్స వరకు చూస్తే, కోత పద్ధతి కంటే ఇందులో నొప్పి తక్కువని 1999 నాటి అధ్యయనమే తేల్చింది.

నాళం కనపడేలా చేయడానికి శస్త్రచికిత్సకు కొన్ని గంటల ముందు మీగడ గానీ నూనె గానీ పట్టించే పద్ధతి ఉంది. అసెల్లి చూసిన తెల్లదారాల కిటుకే ఇది! ఇప్పుడు ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును శోషరస గ్రంథిలోకి ఎక్కించి, పరారుణ కాంతికి స్పందించే కెమెరాతో చూస్తే పాయలతో సహా నాళం మెరుస్తుంది. ఈ వ్యాధి ఉన్న 15 కుక్కల్లో దీనిని వాడిన ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ముందుగా సీటీ స్కాన్‌లో పాయలను లెక్కపెట్టుకుంటే శస్త్రవైద్యునికి మరింత వీలు.

రంధ్రం చిన్నదైనంత మాత్రాన శస్త్రచికిత్స చిన్నది కాదు. ఛాతీలోకి గాలి చేరగానే కుక్క తనంతట తాను సరిగా ఊపిరి తీసుకోలేదు. వెంటిలేటరు, అనుభవం గల మత్తు వైద్యుడు తప్పనిసరి. రక్తస్రావమైనా, నాళం దొరకకపోయినా అప్పటికప్పుడు ఛాతీని తెరవవలసి రావచ్చు. దానికి సిద్ధంగా లేని చోట మొదలుపెట్టకూడదు. యజమాని ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు.

తరవాత ఛాతీలో గొట్టం కొన్ని రోజులు ఉంచి, వచ్చే నీటిని కొలుస్తారు. ఇంటికి పంపాక కూడా ఎక్స్‌రేలు తీయిస్తూ ఉండాలి. కొన్ని కుక్కల్లో పాలనీరు ఆగినా, తెల్లదనం లేని నీరు కొంతకాలం ఊరుతూనే ఉంటుంది. దానికి మందులు, మళ్లీ సూదితో తీయడం అవసరం కావచ్చు. ఆయాసం తిరిగి కనిపిస్తే మాత్రం తరవాతి తేదీ వచ్చేదాకా ఆగకుండా వెంటనే తీసుకువెళ్లాలి.